ఈదురుగాలి అంటే ఏ గాలి?

2022 డిసెంబరు రెండో వారం. సూరత్‌లో బమ్రోలి రోడ్డు పక్క సందులో నేను క్లినిక్ పెట్టి అప్పటికి ఆరేళ్లు దాటింది. కింద కిరాణా కొట్టు, పైన రెండు గదులు. ఒకటి రోగులు కూర్చోవడానికి, ఒకటి నేను చూడడానికి. పాండేసరా మిల్లులు దగ్గర కాబట్టి వచ్చేవాళ్లలో ఎక్కువమంది మగ్గాల మీదా, అద్దకం మిల్లుల్లోనూ పనిచేసేవాళ్లే. ఒడియావాళ్లు, యూపీవాళ్లు, మరాఠీలు, మన తెలంగాణవాళ్లు. మాది ఒంగోలు దగ్గర. మావారి ఉద్యోగం వల్ల ఇక్కడికి వచ్చాను. తెలుగు మాట్లాడే డాక్టరమ్మ ఉందని తెలిశాక సిరిసిల్ల, జగిత్యాల వైపు నుంచి వచ్చిన నేతపనివాళ్లు ఊరి చివర ఉన్ అనే పేట నుంచి కూడా రెండు ఆటోలు మారి నా దగ్గరికి వచ్చేవాళ్లు. హిందీలో చెప్పుకోలేని బాధ నాకు తెలుగులో చెప్పుకుంటున్నారు, నాకు అర్థమవుతోంది అని లోపల్లోపల కాస్త గర్వంగానే ఉండేది.

నర్సయ్య మొదటిసారి వచ్చింది అప్పుడే. వయసు యాభై రెండు. సన్నగా, పొడుగ్గా, భుజాలు ముందుకు వంగి ఉన్న మనిషి. ఇరవై ఏడేళ్లుగా సూరత్‌లో పవర్‌లూమ్ మీద పని. ఇక్కడ మగ్గాల షెడ్డును ఖాతా అంటారు, షిఫ్టును పాళీ అంటారు. ఆయనది పగటి పాళీ, ఉదయం ఏడు నుంచి సాయంత్రం ఏడు దాకా. మగ్గాల మోతలో ఏళ్ల తరబడి ఉన్నవాళ్లందరిలాగే గట్టిగా మాట్లాడతాడు.

"ఏం ఇబ్బంది నర్సయ్య గారూ?"

"ఈదురుగాలి తగిల్తె ఎదల పట్టేసినట్టైతుంది డాక్టరమ్మా. దమ్ము ఆడుతలేదు."

"ఎన్నాళ్ల నుంచి?"

"పదిహేను దినాలు అయితుండొచ్చు. జర మంచి గోలి ఇయ్యుండ్రి. ఛుట్టీ పెట్టేటట్టు లేదు."

వైద్యంలో హిస్టరీ అంటే రోగి నోటి నుంచి వచ్చే కథ. ఎప్పుడు మొదలైంది, దేనితో పెరుగుతుంది, దేనితో తగ్గుతుంది అన్నవి అడిగి రాసుకోవడం. రోగ నిర్ధారణలో సగానికి పైగా అక్కడే తేలిపోతుందని మాకు మొదటి ఏడాది నుంచీ నూరిపోస్తారు. నేను ఆ రోజు చీటీ మీద రాసింది ఇంగ్లీషులో రెండు వాక్యాలు. బలమైన గాలులు, దుమ్ము తగిలినప్పుడు ఊపిరి ఆడకపోవడం, ఛాతీ బిగిసినట్టు ఉండడం. మా వైపు ఈదురుగాలి అంటే వానకు ముందు రేకులు ఎగరగొట్టే గాలి. పేపర్లోనూ టీవీలోనూ అంతే. ఈదురుగాలులతో కూడిన వర్షం, కూలిన చెట్లు, తెగిన కరెంటు తీగలు. బమ్రోలిలో గాలి వీచిందంటే రోడ్డు మీది దుమ్మూ, ఖాతాల్లోని నూలు పీచూ కలిసి కళ్లల్లో పడతాయి. దానికి తోడు ఆయన పదేళ్ల కిందటి వరకు బీడీలు తాగినవాడు. స్టెతస్కోపు పెట్టి వింటే ఊపిరితిత్తుల్లో అక్కడక్కడ సన్నటి ఈల చప్పుడు. దమ్ము అన్నాడు కూడా, వాళ్ల వైపు ఆయాసానికి అదే మాట. ఇంకేముంది, ఆస్తమా లాంటిదే అనుకున్నాను. ఇన్‌హేలర్ రాసి, ఎలా పీల్చాలో చూపించి, ముఖానికి గుడ్డ కట్టుకోమని చెప్పి పంపాను. బీపీ కొంచెం ఎక్కువగా ఉంటే ఉప్పు తగ్గించమన్నాను.

రెండు వారాలకు మళ్లీ వచ్చాడు. మందు డబ్బా టేబుల్ మీద పెట్టాడు.

"గిది పని చేస్తలేదమ్మా."

"రోజూ పీలుస్తున్నారా?"

"నువ్వు చెప్పినట్టే. పొద్దుగాల రెండు సార్లు, మాపటికి రెండు సార్లు."

"ఖాతాలో ఉన్నప్పుడు ఎలా ఉంటుంది? అక్కడ పీచు ఎక్కువ కదా?"

"ఖాతాల ఏం లేదు. పన్నెండు గంటలు నిలవడ్డా ఏం కాదు. ఈదురుగాలి తగిల్తెనే లొల్లి."

ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. పీచు నిండిన షెడ్డులో పన్నెండు గంటలు ఏమీ కాని మనిషికి బయట దుమ్ము గాలి తగిలితే మాత్రం దమ్ము వస్తుందా? దానికి తోడు, దీపావళి తరవాత సూరత్‌లో అసలు పెద్ద గాలే వీచలేదు. ఒక్క చినుకు పడలేదు. ఆ సంగతి నా మనసులో ఒక్క క్షణం మెదిలింది. బయట గదిలో ఇరవై మంది ఉన్నారు, ఒక పసిబిడ్డ ఏడుస్తోంది. నేను ఆ క్షణాన్ని పట్టుకోకుండా వదిలేశాను. ఇన్‌హేలర్ మోతాదు పెంచి, ఛాతీ ఎక్స్‌రే తీయించుకోమని చీటీ రాసి ఇచ్చాను. ఎక్స్‌రేలో పెద్దగా ఏమీ లేదు. ఆయన మళ్లీ రాలేదు. తగ్గిందేమో అనుకున్నాను.

జనవరిలో పతంగుల పండగ అయిపోయిన మూడో రోజు ఉదయం పది గంటలకు ఆయన భార్య రాజవ్వ వచ్చింది. ఆమెను అంతకుముందు ఒకసారి చూశాను. ఇంటి దగ్గరే కూర్చుని చీరలకు రాళ్లు అంటించే పని చేస్తుంది. సూరత్ చీరల మీద మెరిసే రాళ్లు చాలావరకు ఇలాంటి ఆడవాళ్ల వేళ్లతో అంటించినవే. ఆమె రెండు చేతుల వేళ్లూ చివర్లలో పగిలి ఎర్రగా ఉన్నాయి. జిగురు వల్ల చర్మం పొడిబారి పగిలింది. చేతులు నా ముందు చాపి, "వేళ్లు ఒంగుతలేవు డాక్టరమ్మా. ఈ ఈదురుగాలికి కొంకర్లు పోతున్నయి. రాయి పట్టుకుంటె జారిపోతుంది," అంది.

ఆయింట్‌మెంట్ పేరు రాస్తున్న నా పెన్ను ఆగిపోయింది. వానముందు వచ్చే గాలికి వేళ్లు కొంకర్లు పోవడమేమిటి?

"రాజవ్వా, ఈదురుగాలి అంటే ఏ గాలి?"

ఆమె నన్ను వింతగా చూసింది. డాక్టరమ్మకు తెలుగు రాదా అన్నట్టు.

"ఏ గాలేంది? గదే, సలికాలం ఉత్తరం దిక్కు నుంచి కొడతది చూడు, సన్నగ, సూదులు గుచ్చినట్టు. గదే ఈదురు."

"మరి వానకు ముందు వస్తుందే, రేకులు ఎగరగొట్టేది?"

"అది గాలిదుమారం అమ్మా. గది వేరే, గిది వేరే. గాలిదుమారం ఎండాకాలం వస్తది, అర్ధగంట కొట్టి పోతది. ఈదురు గట్ల కాదు. కనవడదు, సప్పుడు ఉండదు, ఎముకలల్ల దూరుతది." ఆమె కిటికీలోంచి చెయ్యి చూపించింది. దూరంగా అద్దకం మిల్లు గొట్టం. "ఆ పొగ చూడు. గిట్ల మన దిక్కు ఒంగిందంటె ఈదురు కొడుతున్నట్టే. పతంగుల పండుగ ముంగటి నుంచి ఒక్క తీరుగ గిట్లనే ఉంది."

పొగ దక్షిణం వైపు వాలి, మా కప్పుల మీదుగా పోతోంది. గాలి ఉత్తరం నుంచి.

నెల రోజుల కిందట నర్సయ్య చెప్పిన మాట అప్పుడు నాకు మొదటిసారి సరిగ్గా వినిపించింది. ఉత్తరపు చలిగాలి తగిలితే ఎదలో పట్టేస్తుంది, ఊపిరి ఆడదు. దుమ్ము అనే మాట ఆయన ఒక్కసారి కూడా అనలేదు. దాన్ని కలిపింది నేనే.

వైద్యం చదివిన ఎవరికైనా ఆ వాక్యం వింటే ఒకే మాట తట్టాలి, యాంజైనా. గుండె కండరానికి రక్తం తీసుకెళ్లే నాళాలు లోపల సన్నబడిపోతే, మామూలుగా కూర్చున్నప్పుడు సరిపోయే రక్తం శ్రమ పడ్డప్పుడు సరిపోదు. అప్పుడు ఛాతీలో పట్టేసినట్టు, బరువు పెట్టినట్టు ఉంటుంది. చల్లటి గాలి తగిలితే ఒంట్లో నాళాలు ముడుచుకుంటాయి, గుండె మరింత గట్టిగా కొట్టాల్సి వస్తుంది. చలిగాలికి ఎదురు నడిచేటప్పుడు వచ్చే ఛాతీ బిగువు గురించి మేము పరీక్షల్లో రాసి మార్కులు తెచ్చుకున్నవాళ్లమే.

పెన్ను పక్కన పెట్టాను. "రాజవ్వా, మీ ఆయన ఎలా ఉన్నాడు?"

"ఏముంది, పనికి పోయిండు."

"పొద్దున ఖాతాకు నడిచే పోతాడా? ఏ వైపు?"

"నడిచే. ఉత్తరం దిక్కే, ఇరవై నిమిషాల తొవ్వ. గాలి ముఖానికే కొడతది."

"సాయంత్రం వచ్చేటప్పుడు?"

"అప్పుడు మంచిగనే వస్తడు. గాలి ఈపుకు కొడతది గద."

"దారిలో ఆగుతాడా?"

"ముందుగాల ఆగకపోతుండె. గీ పది దినాల సంది పాన్ డబ్బా కాడ నిలవడతడట. నిలవడితె తక్వైతదట, మళ్ల నడుస్తడట. పక్కింటోళ్లు చెప్తె నాకు ఎరుకైంది. నాకు చెప్తడా ఆయన? ఇయ్యాల పొద్దుగాల అయితే ఇంట్ల చెప్పు తొడుక్కునేటప్పుడే ఎద మీద చెయ్యి పెట్టుకుని కూసున్నడు. ఎడమ చెయ్యి గుంజుతుందన్నడు. మగ్గం మీద పని చేసి చేసి గుంజుతుందేమో అనుకున్న."

మొదట గాలికి ఎదురు నడిస్తేనే వచ్చేది. తరవాత దారిలో ఆగాల్సి వచ్చింది. ఈ రోజు చెప్పులు తొడుక్కుంటుంటేనే వచ్చింది. రోజురోజుకీ తక్కువ శ్రమకే వస్తున్న యాంజైనాను మేము అన్‌స్టేబుల్ అంటాం. అంటే నాళం ఏ గంటలో పూర్తిగా మూసుకుపోతుందో చెప్పలేని దశ.

"ఖాతాకు ఫోన్ చెయ్యి," అన్నాను.

"ఖాతాల ఫోన్ ఇనవడదమ్మా, ఆ మోతల. అయినా పాళీ దిగినంక నేనే తోలుకొస్త."

"సాయంత్రం దాకా ఆగకూడదు. పద, మనమే పోదాం."

బయట తొమ్మిదిమంది రోగులున్నారు. జ్వరాలూ, ఒంటి నొప్పులూ. అందరినీ ఒకసారి చూసి, ఎవరికీ అత్యవసరం లేదని తేల్చుకుని, రెండు గంటల్లో వస్తానని మా నర్సుకు చెప్పాను. ఒకాయన గొణిగాడు. గొణగనీ అనుకున్నాను. సంచిలో రక్తం గడ్డకట్టకుండా ఆపే ఆస్పిరిన్ మాత్రలూ, గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ మాత్రలూ, బీపీ మిషనూ వేసుకుని రాజవ్వతో ఆటో ఎక్కాను. ఆటోలో ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"ఏమైతది డాక్టరమ్మా? నిజం చెప్పు."

"ఆయన గుండెకు రక్తం సరిగా అందడం లేదేమో అని నా అనుమానం. అనుమానమే. కానీ ఈ రోజే తేల్చుకోవాలి."

"మరి నువ్వు దమ్ము అని మందు ఇచ్చినవు గద?"

అబద్ధం చెప్పే అవకాశం ఉంది. మొదట దమ్ములాగే ఉండింది, తరవాత మారింది అనొచ్చు. "ఇచ్చాను. ఆయన చెప్పింది నాకు సరిగా అర్థం కాలేదు," అన్నాను. ఆమె చెయ్యి తీసేయలేదు.

ఖాతా గుమ్మంలోకి అడుగుపెడితే ఛాతీలో మోత. వరసలు వరసలుగా మగ్గాలు, మధ్య ఒక మనిషి పట్టే సందు. రాజవ్వ ఎప్పుడూ లోపలికి రాలేదట, గోడకు ఆనుకుని నిలబడింది. మాస్టర్ అని పిలిచే సూపర్‌వైజర్ మమ్మల్ని బయటికి తీసుకొచ్చి, మోతకు దూరంగా నిలబెట్టి హిందీలో అడిగాడు, ఏం కావాలని.

"నర్సయ్యను హాస్పిటల్‌కు తీసుకెళ్లాలి. ఇప్పుడే."

"మ్యాడమ్, ఆయన బాగానే ఉన్నాడు. ఎనిమిది మగ్గాలు నడుపుతున్నాడు. ఇప్పుడు వదిలితే ఎనిమిదీ ఆగిపోతాయి."

"ఆయన మీ మగ్గాల మధ్య పడిపోతే ఎన్ని ఆగుతాయి?"

అతను నన్ను పైనుంచి కిందికి చూసి లోపలికి వెళ్లాడు. నర్సయ్య చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చాడు. భార్యను చూసి ముందు కోపం వచ్చింది.

"నువ్వెందుకొచ్చినవ్ ఇక్కడికి? డాక్టరమ్మను గూడ పరేషాన్ చేసినవా?"

"ఆమె కాదు, నేనే తీసుకొచ్చాను," అన్నాను. "పొద్దున చెప్పులు తొడుక్కునేటప్పుడు ఎదలో పట్టిందా?"

ఆయన భార్య వైపు చూశాడు. "జర పట్టింది. పోయింది."

"ఖాతాకు వచ్చాక?"

ఆయన తల దించుకుని వేళ్లకు అంటిన నూనె చూసుకున్నాడు. తరవాత మెల్లగా, "ఒకసారి," అన్నాడు. "దారం తెగితె ఒంగిన. అప్పుడు. ఎవ్వలకు చెప్పలే."

బీపీ చూసి, ఆస్పిరిన్ మాత్ర ఇచ్చి నమలమన్నాను. ఆయన నమిలాడు కానీ కాలు కదపలేదు. "పాళీ దిగినంక వస్తనమ్మా. ఇప్పుడు నడిమిట్ల పోతె మాస్టర్ రేపటి సంది వేరేటోన్ని పెడతడు. నాకు తెల్సు."

"నర్సయ్య గారూ, నేను మీకు నెల రోజులు తప్పు మందు ఇచ్చాను. మీరు చెప్పింది నేను సరిగా వినలేదు. ఈ రోజు మీరు నేను చెప్పింది సరిగా వినండి. సాయంత్రం ఏడు దాకా ఆగితే, ఆ తొవ్వలో ఆగిన చోటు నుంచి మీరు మళ్లీ లేవకపోవచ్చు."

రాజవ్వ ఏడవలేదు. ఆయన భుజం మీదున్న తువ్వాలు తీసి తన చేతికి చుట్టుకుని, "నడువు," అంది. ఒక్క మాటే. ఆయన నడిచాడు.

పెద్ద ఆసుపత్రి క్యాజువాలిటీలో, అంటే అత్యవసర విభాగంలో, ఈసీజీ తీశారు. గుండెలో నడిచే విద్యుత్తును కాగితం మీద గీతలుగా చూపించే పరీక్ష అది. గీతలు దాదాపు మామూలుగా ఉన్నాయి. యాంజైనాలో ఇలా జరుగుతుంది. నొప్పి లేని సమయంలో తీస్తే ఈసీజీ ఏమీ చెప్పకపోవచ్చు. డ్యూటీ డాక్టరు కుర్రవాడు, గుజరాతీ, పొద్దుట్నుంచీ నిలబడే ఉన్నట్టున్నాడు. ఈసీజీ చూసి, నా దగ్గరికి వస్తూ రాజవ్వ సంచిలో వేసుకొచ్చిన నా పాత చీటీ తీసుకుని చదివాడు.

"మ్యాడమ్, ఇది మీ చేతిరాతే కదా? దుమ్ము, బలమైన గాలులు, ఇన్‌హేలర్. ఊపిరితిత్తుల కేసు. ఈసీజీ కూడా బాగుంది. ఓపీకి పంపుతాను, రేపు ఛాతీ డాక్టరుకు చూపించమనండి."

నేను రాసిన కాగితమే నాకు అడ్డం నిలబడింది. అతన్ని తప్పుపట్టడానికి లేదు. నేనే అతని స్థానంలో ఉంటే, ఒక డాక్టరు రాసింది చదివి అదే చేసేదాన్ని.

"ఆ హిస్టరీ తప్పు," అన్నాను. "నేను తప్పు రాశాను. ఆయన తెలుగులో చెప్పిన గాలి పేరు నాకు వేరేగా అర్థమైంది. ఆయన చెప్పింది చలిగాలి. ఉత్తరం నుంచి వచ్చేది. గాలికి ఎదురు నడిస్తే ఛాతీ పట్టేస్తుంది, ఆగితే తగ్గుతుంది, ఎడమ చేతికి పాకుతుంది. పది రోజులుగా పెరుగుతోంది. ఈ రోజు పొద్దున రెండుసార్లు పెద్దగా శ్రమ లేకుండానే వచ్చింది."

అతను తల ఎత్తాడు. అతని చేతిలోని చీటీ తీసుకుని, నా పాత వాక్యాల మీద అడ్డంగా గీత కొట్టి, కింద సరైన హిస్టరీ రాసి, తేదీ వేసి సంతకం పెట్టాను. కొట్టేసినదాన్ని చదవడానికి వీలుగానే ఉంచాను. నా తప్పు ఎలా జరిగిందో తరవాత చూసేవాళ్లకు తెలియాలి.

"పావుగంటకో ఈసీజీ తీయండి. ట్రోపోనిన్ పంపండి," అన్నాను. ట్రోపోనిన్ అంటే గుండె కండరం దెబ్బతింటే రక్తంలోకి వచ్చే పదార్థం. "అది తేలేదాకా నేను ఇక్కడి నుంచి కదలను. మీరు పంపించినా ఆయన్ని కదలనివ్వను."

అతను నవ్వలేదు, విసుక్కోలేదు. "కూర్చోండి మ్యాడమ్," అని కుర్చీ చూపించాడు.

మొదటి రెండు ఈసీజీలూ ఒకేలా ఉన్నాయి. మంచం మీద నర్సయ్య గోడవైపు తిరిగి పడుకుని, మెల్లగా నన్నూ రాజవ్వనూ డాక్టరునూ తిట్టుకుంటూ ఉన్నాడు. "మంచిగున్న మనిషిని పండబెట్టిండ్రు," అన్నాడొకసారి. మూడో ఈసీజీకి ముందు ఆయనకు చెమట పట్టింది. "అమ్మా," అన్నాడు. భార్యను కాదు, నన్ను. "వచ్చింది. గదే. ఈదురు తగిలినట్టే ఉంది, గాలి మాత్రం లేదు."

నర్సు పరుగెత్తి మిషను పెట్టింది. ఈసారి కాగితం మీద గీతలు కిందికి కుంగాయి. గుండె ముందువైపు గోడకు రక్తం అందడం లేదని స్పష్టంగా కనిపిస్తోంది. డ్యూటీ డాక్టరు కాగితం చింపి తీసుకుని ఫోన్ దగ్గరికి పోయాడు. సార్బిట్రేట్ నాలుక కింద పెట్టారు. నొప్పి నాలుగు నిమిషాల్లో తగ్గింది. ట్రోపోనిన్ కూడా కొద్దిగా పెరిగి వచ్చింది.

ఆ సాయంత్రమే యాంజియోగ్రామ్ చేశారు. మణికట్టు దగ్గరి నాళం గుండా సన్నటి గొట్టం పంపి, గుండె నాళాల్లో రంగు వదిలి ఎక్స్‌రే తీయడం. గుండె ముందుభాగానికి రక్తం ఇచ్చే పెద్ద నాళం మొదట్లోనే తొంభై శాతం పైగా మూసుకుని ఉంది. కార్డియాలజిస్టు తెర మీద చూపించాడు. కాలువకు అడ్డంగా ఎవరో రాయి పెట్టినట్టు, అటుపక్క దారంలా కొంచెమే రంగు పారుతోంది. "ఈ మనిషి ఎనిమిది మగ్గాలు నడిపాడా?" అన్నాడు. అక్కడే స్టెంట్ వేశాడు. నాళం తెరుచుకుని ఉండడానికి లోపల అమర్చే లోహపు జాలీ అది.

మూడో రోజు వార్డులో చూడడానికి వెళ్లాను. నర్సయ్య మంచం మీద కూర్చుని గంజి తాగుతున్నాడు. నన్ను చూసి గిన్నె పక్కన పెట్టాడు.

"డాక్టరమ్మా, ఒక మాట అడుగుత. మీ దిక్కు ఈదురుగాలి లేదా?"

"ఉంది. కానీ మా దగ్గర దాన్ని తుపాను గాలి లాంటిదానికి వాడతారు. నేను దుమ్ము అనుకున్నాను."

ఆయన గిన్నె మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. "నేను గూడ జర చెప్పాల్సుండె. సలి గాలి అంటె సరిపోతుండె."

"మీరు సరైన మాటే చెప్పారు," అన్నాను. ఇది నేను ఆయన్ని ఓదార్చడానికి అనలేదు. ముందురోజు ఇంటికి పోయి పాత నిఘంటువు తీసి చూశాను. ఈదురు అన్న మాటకు అక్కడ ఉన్న అర్థం చలిగాలే. తుపాను గాలి అన్న వాడుక తరవాత పేపర్లతో బలపడి ఉండాలి. ఒంగోల్లో ఉన్న మా పెద్దమ్మకు ఫోన్ చేసి అడిగితే ఆవిడ నవ్వింది. "చలికాలంలో ఈదురు కొడుతోంది, చెవులకు గుడ్డ కట్టుకోవే అని నీ మీద రోజూ అరిచేదాన్ని కదే స్కూలుకు పోయేటప్పుడు. మర్చిపోయావా?" అంది. మరిచిపోయాను. ఆ మాట నా ఇంట్లోనూ ఉండేది. పేపరు చదవడం మొదలుపెట్టాక, చదువుకోడానికి ఊరు వదిలాక, ఒక అర్థం పోయి ఇంకో అర్థం మిగిలింది. రోగిది యాస, నాది సరైన తెలుగు అనుకున్నాను. తీరా చూస్తే మాట పాత అర్థాన్ని ఆయన దాచుకున్నాడు, నేను పోగొట్టుకున్నాను.

నర్సయ్యకు ఆరు వారాలు విశ్రాంతి. ఖాతా మాస్టర్ నిజంగానే వేరే మనిషిని పెట్టాడు. నేను రెండుసార్లు అక్కడికి వెళ్లి మాట్లాడాను, లాభం లేకపోయింది. రాజవ్వే దారి వెతికింది. తను రాళ్లు అంటించే చీరలు తెచ్చిచ్చే ఆయన దగ్గర, చీరలు మడతపెట్టి కట్టలు కట్టే పని మాట్లాడింది. కూర్చుని చేసే పని. మగ్గం వదిలినందుకు నర్సయ్య ఒక నెల ముభావంగా తిరిగాడు. "మగ్గం సప్పుడు లేకపోతె నిద్ర పడుతలేదు," అనేవాడు నా దగ్గరికి మందులకు వచ్చినప్పుడు. తరవాత అలవాటు పడ్డాడు. ఇప్పుడు మూడేళ్లు. మందులు మానలేదు. ఆదివారం అప్పుడప్పుడూ భార్యతో డుమస్ బీచికి పోయి ఇసుకలో నడిచి వస్తాడు. పోయినసారి నాకు వేయించిన టమాటా భజియాలు పొట్లం కట్టించి తెచ్చాడు. నూనె వస్తువులు తినొద్దని నేను తిట్టాను. "నేను తినలే, నీకే తెచ్చిన," అన్నాడు.

ఈ కేసు గురించి ఈమధ్య ఇక్కడి మెడికల్ కాలేజీలో చదువుతున్న తెలుగు పిల్లలకు చెప్పాను. ఒక అమ్మాయి అడిగింది, "మ్యాడమ్, మీరు ఆ రోజు ఈసీజీ ఎందుకు తీయించలేదు? ఛాతీ పట్టేసింది అన్నాడు కదా, ఆ మాట చాలదా?" చాలు. యాభై దాటిన, ఒకప్పుడు బీడీలు తాగిన మనిషి ఛాతీ పట్టేసింది అంటే ఈసీజీ తీయించాల్సిందే. భాష తెలియని డాక్టరయితే అదే చేసేది. ఏమీ అర్థం కాక, అన్ని పరీక్షలూ చేయించేది. నాకు అర్థమైంది అనుకోవడం వల్లే ఆగిపోయాను. హిందీలో మాట్లాడే రోగిని నేను నాలుగుసార్లు తిరిగి అడుగుతాను. తెలుగు రోగిని ఒక్కసారి కూడా అడగలేదు. ఆ పిల్లలకు ఇది చెప్పడం నాకు తేలిక కాలేదు. కానీ చెప్పాల్సిందే అనుకున్నాను.

అప్పటి నుంచి నా కేస్ పేపర్లలో మొదటి వరుస మారింది. రోగి ఏ మాట అన్నాడో ఆ మాటను తెలుగు లిపిలోనే అలాగే రాస్తాను. దాని కింద, ఇంగ్లీషులోకి మార్చే ముందు, పెన్ను ఆపి అడుగుతాను: "మీ దగ్గర ఆ మాటకు అర్థం ఏంటి? ఎప్పుడు అంటారు?" దాదాపు అందరూ మొదట నవ్వుతారు, ఇంత తెలిసిన మాటకు డాక్టరమ్మ అర్థం అడుగుతోందేమిటని. నవ్వనిస్తాను. ఆ నవ్వు అయిపోయాక వాళ్లు చెప్పేదే నాకు కావాల్సిన హిస్టరీ.